అర సెంటీమీటరు వీరుడు

ఇప్పుడు మెరిట్ గురించి కొట్లాడాల్నంటే టీవీల కూసోవాలె, కోటు తొడుక్కోవాలె, ఎదుటోడు నోరు తెరవకముందే అరవాలె. ఆ రోజుల్లో గంత తతంగం లేకుండె. మా ఛత్రినాకల బర్రెల కొట్టం ముంగట ఒక బల్ల, నాలుగు గ్లాసుల చాయ్ ఉంటే చాలు, దేశంల ఎవరికి ఏ నౌకరి న్యాయమో పొద్దుగాల పాలు పిండుడు అయ్యేలోపే తేలిపోయేది. నాకప్పుడు ఇరవై ఏండ్లు. నా చదువు ఇంటర్ దాక నడిచి, అలిసి, అక్కడ్నే కూసున్నది. గసొంటి టైంల ఫైర్‌మన్ నౌకర్లు పడ్డయి. రాతపరీక్ష, ఎత్తు, పరుగు, ఇసుక బస్తా మోసుడు, అన్నీ పాస్ కావాలె. ఒక్కటి తప్పినా ఇంటికే.

బల్ల మీద వెంటనే లొల్లి షురూ అయింది. మా ఇంట్ల పైన కిరాయికుండే సైన్సు సారు గోదావరి దిక్కాయన. "ముందు బుర్ర చూడాలండీ. ఏ మంటకి నీళ్ళు కొట్టాలో, ఏ మంటకి కొట్టకూడదో తెలియనివాడు ఎంత బలవంతుడైతే ఏం లాభం?" అన్నడు. మా బాపు చాయ్ గ్లాసు బల్ల మీద కొట్టిండు. "సారూ, బర్రెను పాలు చూసి కొంటరు గానీ, కొమ్ములు కొలిచి కొంటరా? మంటల్నుంచి మనిషిని మోసుకొచ్చేటోడు కావాలె. వాని ఎత్తెందుకు, ఎక్కాలెందుకు?" అన్నడు. నాకు మాత్రం ఏ పద్ధతిల నేను గెలుస్తనో అదే న్యాయమని గట్టి నమ్మకం. ఇబ్బంది ఏందంటే, అసొంటి పద్ధతి ఒక్కటి గూడ దొరకలే.

నాతోని దరఖాస్తు పెట్టినోడు నా జిగ్రీ దోస్తు, బొమ్మలోడు. ధూల్‌పేట్‌ల వాళ్ళింట్ల తాతల నుంచి వినాయకుని విగ్రహాలు చేస్తరు. మూడు నెలలు చేతినిండ పని, తొమ్మిది నెలలు చేతులు కట్టుకొని కూసునుడు. వాళ్ళ నాయినకు బొమ్మల ప్లాస్టర్ తెల్ల పొడి పీల్చి పీల్చి దగ్గు పట్టింది. "నౌకరి వస్తే నాయిన్ను షెడ్డుల అడుగు పెట్టనియ్య" అని బొమ్మలోడు వంద సార్లు అన్నడు (వంద నేను లెక్కపెట్టిన, అటెన్క ఇడిచిపెట్టిన). వానిది మోత బలం. ఒకసారి షెడ్డుల గడ్డి అంటుకుంటే మూడు విగ్రహాలను, ఒక పెదనాయిన్ను ఒక్కడే బయటికి మోసిండు (విగ్రహాలను ముందు మోసిండని ఆ పెదనాయిన ఇప్పటికీ అలుగుతడు).

రాతపరీక్ష ఇద్దరం పాసైనం. నేనెట్ల పాసైననో దిద్దినోళ్ళకే తెల్వాలె. ఎత్తు కొలిచే రోజు ముందర సారు మమ్మల్ని కొట్టం గుంజకు ఆనిచ్చి టేపు పట్టిండు. బొమ్మలోడు కావాల్సిన దానికన్న గోరంత ఎక్కువ. నేను అర సెంటీమీటరు తక్కువ. మా బాపు మొఖం విరిగిన పాల లెక్కయింది. అప్పుడు సారు కళ్ళజోడు తుడుచుకుంట, "కంగారు పడకండి. వెన్నుపూసల మధ్య మెత్తలుంటాయి. పడుకుంటే అవి ఉబ్బి మనిషి కాస్త సాగుతాడు. లేచి తిరిగితే కుంగుతాడు. బరువు గానీ మోశాడా, మరీ..." అని చెప్తనే ఉన్నడు. మేం ఆ ఆఖరి మాట వినలే. అప్పటికే తాడు కోసం ఉరికినం.

ఫైసలా ఏందంటే, తెల్లారి నేను మంచం దిగొద్దు. పండుకున్నోణ్ణి పండుకున్నట్టే మా పాల ట్రాలీ ఆటోల గ్రౌండు దాక తీస్కపోవాలె. ప్యాకింగు జిమ్మ బొమ్మలోనిది. వానికి విగ్రహాలు పంపే పద్ధతి ఒక్కటే తెలుసు. చెక్క మీద గడ్డి పరిచిండు, నన్ను పండవెట్టిండు, రెండు పక్కల గడ్డి కుక్కిండు, నడుముకు, మోకాళ్ళకు తాళ్ళు బిగించిండు. ఆఖరికి, పూజ దాక దేవుని మొఖం ఎవరికీ కనవడొద్దని వాళ్ళు విగ్రహానికి కప్పినట్టే, నా మొఖం మీద తెల్లబట్ట కప్పిండు. చెయ్యి అలవాటు. ఆ బట్ట ఎందుకని నేను గూడ అడగలే, ఎండ తగలదని సంబురపడ్డ.

శాలిబండ చౌరస్త దాటేసరికి నాకు దొరికిన మర్యాద మా ఖాందాన్‌ల ఎవ్వరికీ దొరకలే. బస్సులు ఆగినయి. దుకాణాలల్ల రేడియోలు బందయినయి. ఎవరో బంతిపూలు ఏసిండ్రు. ట్రాఫిక్ పోలీసు టోపీ తీసిండు (బొమ్మలోడు అంటడు, చెమట తుడుచుకునుటానికని. వానికి నా ఇజ్జత్ అంటే మొదటి నుంచి జలన్). చార్మినార్ దగ్గరికి రాంగనే ఆటో రెండు దగ్గులు దగ్గి ఆగిపోయింది. మా బాపు డ్రైవర్ సీట్ల కూసొని దాన్ని తిట్టిన తిట్లకు ఇంకో బండైతే సిగ్గుతోని నడిచేది. ఇంతల ఒక ముసలాయన, ముగ్గురు జవాన్ పోరగాళ్ళు అడగకముందే వచ్చి చెక్కకు భుజం ఇచ్చిండ్రు. మా పాతబస్తీల గది రివాజు, ఎవరి ఇంటి మనిషైనా పది అడుగులు మోయాలె. ముసలాయన మెల్లగ బొమ్మలోణ్ణి నా వయసడిగిండు, "కిత్‌నే సాల్ కా థా, బేటా?"

"బీస్ సాల్, చచ్చా."

"హాయ్ హాయ్, జవాన్ థా. బీమార్ థా క్యా?" అని ముసలాయన నా రోగం అడిగిండు.

బట్ట కింది నుంచి నేనే చెప్పిన, "నై చచ్చా, ఆధా సెంటీమీటర్ కమ్ థా!"

ఆ పోరగాళ్ళ పరుగు గ్రౌండుల ఎవరన్న కొలిచుంటే ముగ్గురికీ నౌకర్లు వచ్చేటివి. ముసలాయన మాత్రం చెక్క ఇడవలే. మెల్లగ కిందికి దించి, నా మొఖం మీది బట్ట తీసి, తిట్టిన తిట్టు మళ్ళ తిట్టకుండ ఓ ఐదు నిమిషాలు తిట్టి, ఆఖరుకు "పాస్ హో జా, కమ్‌బఖ్త్" అని దువా ఇచ్చి పోయిండు.

టైం అయితున్నది. "నేను దిగి నడుస్త" అన్న. బొమ్మలోడు ఇనలే. "ఇంత దూరం తెచ్చినంక కుంగిపోతవా? మూస్కొని పండుకో" అన్నడు. నెత్తి మీద సుట్టబట్ట పెట్టుకొని, బాపుతోని చెయ్యేపిచ్చుకొని, చెక్కతోని సహా నన్ను నెత్తికెత్తుకున్నడు. మూసీ వంతెన దాటి మూడు కిలోమీటర్లు మోసిండు (వాడు ఒక్కటే కిలోమీటరంటడు. మోసినోనికేం తెలుసు, పండుకున్నోణ్ణి నన్నడగాలె).

గ్రౌండుల నన్ను నేరుగ కొలిచే కర్ర కాడ నిలవెట్టిండ్రు. వెంట్రుకవాసి ఎక్కువొచ్చిన. లైన్ల ఉన్నోళ్ళు ఊకుంటరా? "సార్, పండుకొని వచ్చినోనికో న్యాయం, బస్సుల నిలవడి వచ్చినోళ్ళకో న్యాయమా?" అని ఒకడు లేచిండు. "గిది మెరిటా, మంచమా?" అని ఇంకొకడు. కొలిచే ఆఫీసరు తల గూడ ఎత్తలే. "రూల్‌ల నిలవెట్టి కొలువుమన్నరు. ఎట్ల వచ్చిండో అడుగుమనలే. నెక్స్ట్."

నెక్స్ట్ బొమ్మలోడు. కర్ర కిందికి దిగింది, వాని నెత్తి దాక వచ్చింది, ఇంకొంచెం దిగింది. గోరంత తక్కువ! నిన్న గోరంత ఎక్కువున్నోడు, ఇయ్యాల గోరంత తక్కువ. సారు చెప్పంగ మేం ఇనకుండ ఉరికిన ఆఖరి మాట అప్పుడు యాదికొచ్చింది. బరువు మోస్తే మనిషి మరీ కుంగుతడు. ఆ బరువు నేను. మనిషిని మోసుకొచ్చినోడు ఆ నౌకరికి పనికిరాడట, మోయించుకున్నోడు పనికొస్తడట. ఇంత పక్కా న్యాయం నేను మళ్ళ చూడలే. బొమ్మలోడు చేతిల సుట్టబట్ట మడత పెడుతున్నడు, ఇప్పుతున్నడు, మళ్ళ పెడుతున్నడు.

నేను ఆఫీసరు మీద పడ్డ. "సార్, బర్రెను పాలు చూసి కొంటరు గానీ కొమ్ములు కొలిచి కొంటరా?" అన్న. "నేను బర్రెలు కొననయ్యా" అన్నడు ఆయన. బొమ్మలోని దిక్కు ఒకసారి, చెక్క దిక్కు ఒకసారి చూసిండు. "గేటు మూసేలోపు అప్పీలు పెట్టుకోవచ్చు. ఎవరికైనా ఉన్నదే. ఇంకొకసారి కొలుస్తం" అన్నడు.

ఇంకేమున్నది, గ్రౌండు మూలకు నీడల అదే చెక్క పరిచి బొమ్మలోణ్ణి పండవెట్టినం. బాపు కావలి. నాకు పరుగు పిలుపొచ్చింది. ఉరికిన, ఎట్లనో ఆఖరోని కన్న ముందర చేరిన (ఆఖరోని చెప్పు తెగింది). తర్వాత ఇసుక బస్తా. భుజానికెత్తుకొని గీత దాక పోవాలె. ఎత్తిన. రెండు అడుగులు నేనేసిన, మూడోది బస్తా ఏసింది. నేను కింద, అది నా మీద. నీడల నుంచి బొమ్మలోడు తల ఎత్తిండు. మోచేతి మీద లేస్తున్నడు. వాని అలవాటది, ఎవడన్న పడితే చాలు, ముందుగాల్నే చేతులు పోతయి. బస్తా కింద ఊపిరాడుతలేదు గానీ, గొంతు మాత్రం ఎక్కడి నుంచో వచ్చింది. "లేవకు! లేస్తే నిన్ను సంపుత! పండుకో!" అని ఒర్లిన. బాపు వాని ఛాతి మీద చెయ్యి పెట్టి ఆపిండు. బస్తాను ఇద్దరు సిపాయిలు తీసిండ్రు. నా నౌకరి గూడ దాంతోనే లేచిపోయింది.

సాయంత్రం కొలిస్తే బొమ్మలోడు సరిగ్గ గీతకు సరిపోయిండు. ఎంతంటే, ఆఫీసరు రెండు సార్లు కొలిచిండు. అటెన్క వాడు పరుగు గూడ ఉరికి, ఆ ఇసుక బస్తాను పిల్లి పిల్లను నోట కరుచుకున్నట్టు ఎత్తుకొని, గీత దాటి ఇంకో పది అడుగులు పోయి, "ఎక్కడ పెట్టాలె సార్?" అని అడిగిండు. ఇంటికి పోంగ బాపు నాతోని ఒక్కటే మాట అన్నడు: "రేపటి నుంచి బర్రెలకు గడ్డి నువ్వే ఎయ్యాలె. గడ్డిల పండుకునుడు బాగనే నేర్చినవ్."

ఇదంతా అయ్యి ఇరవై ఎనిమిదేండ్లు. మొన్న ఒకనాడు పొద్దుగాల బొమ్మలోడు వచ్చిండు. టీవీల మెరిట్ మీద కోట్లు తొడిగిన పెద్దమనుషులు అరుస్తుండ్రు. వాళ్ళను బంద్ చేసి, మేం ఉత్తగనే వీపుకు వీపు ఆనిచ్చి నిలవడ్డం. నా ఇంటామె అట్ట పెట్టి చూసింది. వాడు నాకన్న రెండు వేళ్ళు కురుచైండు. ఇన్నేండ్ల నౌకరిల మెట్ల మీద నుంచి, పొగల నుంచి ఎందర్ని దించిండో, అందరూ వాని వెన్నుల ఇంతింత తీసుకొని పోయిండ్రు. నేను మాత్రం ఆనాడు చెక్క మీద నుంచి దించినట్టే ఉన్న, పొట్ట ఒక్కటే అప్పీలు లేకుండ పెరిగింది.

"ఇయ్యాల కొలిస్తే నన్ను గేటు కాడనే ఎల్లగొడ్తరు" అని నవ్విండు.

"ఫికర్ చెయ్యకు. పండుకో, సాగుతవు" అని మంచం చూపెట్టిన. నడుం పట్టుకొని, మెల్లగ వాలిండు. కిటికీల నుంచి ఎండ పడుతుందని అలవాటుగ తువ్వాల తీసి వాని మొఖం మీద కప్పబోయిన. వాడు కండ్లు తెరవకుండనే నా చెయ్యి పట్టుకున్నడు.

"అరే, బట్ట కప్పకురా. ఇప్పుడు వయసొచ్చింది, జనం నిజమనుకుంటరు."

తువ్వాల మడత పెట్టిన, ఇప్పిన, మళ్ళ మడత పెట్టిన. పోయి కిటికీ తలుపు దగ్గరికేసిన.