తెల్లకాగితం మీద తెల్లక్షరాలు

ఉత్తరాదిలో మేముండే ఊళ్లో, వైశాలి స్టేషన్‌కు వెళ్లే మెట్రోలో, నా ఫోన్ మాటలు విని పక్కనున్న అమ్మాయి, "తెలుగువాళ్లా ఆంటీ?" అని పలకరించింది. తనది వెబ్‌సైట్లను ఇంటర్నెట్ వెదుకులాటలో పైకి తెచ్చే ఉద్యోగమట. దేవుడే పంపాడనుకుని, నేను ఇంట్లో చేసి అమ్మే దీపపు వత్తుల పేజీ చూపించాను. మాకు ఆ వత్తులే ఆధారం.

"దీన్ని పైకి తెమ్మని ఒకాయనకు అప్పగించానమ్మా. అప్పట్నుంచి చూసేవాళ్లు బోలెడు, కొనేవాళ్లు లేరు."

ఆ పిల్ల పేజీ అడుగున ఖాళీచోట వేలు నొక్కిపెట్టి కిందికి లాగింది. తెల్లదనంలోంచి మాటలు తేలాయి: రుద్రాక్షలు, గంగాజలం, సాలగ్రామాలు. నా దగ్గర అవేవీ లేవు.

"అచ్ఛా, ఇదీ సంగతి. తెల్లమీద తెల్లగా రాశాడు. ఇవి మనకు కనబడవు, వెదికే యంత్రానికి కనబడతాయి. రుద్రాక్షల కోసం వచ్చినవాళ్లు వత్తులెందుకు కొంటారు?"

"దేవుడి సామాను పేర్లతోనే దొంగాటా!" అన్నాను. ఆమె నవ్వింది.

"ఇవి తీసేస్తే నా పేజీ ఎవరికైనా కనబడుతుందా?"

"కొన్నాళ్లు వెనకబడుతుంది ఆంటీ. వత్తి ఎలా చేస్తారో మీ మాటల్లో రాయండి, మెల్లగా వస్తారు," అంటూ దిగిపోయింది.

ఇంటికి రాగానే ఆ మాటలు తీయించాను. పత్తిలో గింజ తీయడం దగ్గర్నుంచి అన్నీ రాశాను. ఇప్పుడు చూసేవాళ్లు తక్కువే, కానీ వత్తుల కోసమే వస్తున్నారు. ఆ అమ్మాయి పేరు అడగలేదు. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఆమెకూ ఒక నమస్కారం పెట్టుకుంటాను.