డిష్‌వాషర్ కంపు, మా అత్త తొట్టి

వారం నుంచి మా డిష్‌వాషర్ తలుపు తీస్తే మురుగుకాలువ కంపు. వెనిగర్ పోశాను, వంటసోడా చల్లాను, నిమ్మచెక్కలు పెట్టాను, ఫిల్టర్ విప్పి పాత బ్రష్షుతో తోమాను. అయినా కాఫీ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంటే అదే కంపు. గిన్నెలు తోమే బాధ తప్పుతుందని కొంటే, మిషన్‌ను తోమడం నా పనైంది.

ఈ రోజు ఒళ్లుమండి, మురికినీళ్లు పోయే గొట్టం వెంట పెరట్లోకి వెళ్లాను. దాని కొస తూములో లేదు. గట్టు మీద మా అత్త పెట్టిన తొట్టిలో మునిగి ఉంది. తొట్టి నిండి, ఆ కుళ్లునీళ్లే వెనక్కి మిషన్‌లోకి వస్తున్నాయి.

"ఏంది అత్తా ఇది?"

"ఆదోనిలో కొళాయి దినామూ వస్తాందా? బాత్రూము కడిగేకి పట్టినా."

"కంపు కొడతాంది కదత్తా!"

"కంపు కొడితే మిషన్ పారెయ్యమ్మీ. నీళ్లు పారబోస్తారా యాడన్నా?"

గొట్టం తీసి తూములో పెట్టాను. సాయంత్రం చూస్తే మళ్లీ తొట్టిలోనే ఉంది.

కంపు పోయే చిట్కాలు నాకిక వద్దు. మా అత్త చేతిలోంచి గొట్టం లాక్కునే చిట్కా ఎవరికైనా తెలిస్తే చెప్పండి.