పద్నాలుగో రీలులో లేచిన జనం

మొన్న మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చబోతుంటే, పాత సినిమాల పిచ్చివాళ్ళం నలభైమందిమి కలిసి పెట్టుకున్న వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక లింకు పంపారు. కళ్ళజోడు వెతుక్కుని చూద్దును కదా, యాభై ఏళ్ళ కిందట రెండే రెండు వారాలు ఆడి, వచ్చినట్టే ఎవరికీ తెలియకుండా వెళ్ళిపోయిన ఒక నలుపు తెలుపు సినిమా. ఏ పుణ్యాత్ముడో ఎక్కడినుంచో సంపాదించి యూట్యూబులో పెట్టాడు. బొమ్మ మసకగా ఉంది, మాటలు నూతిలోంచి వినిపిస్తున్నట్టున్నాయి, అయినా నా నిద్ర ఎగిరిపోయింది. చివరిదాకా చూసి, కింద జనం రాసిన వ్యాఖ్యలు చదివాను. ఫొటోగ్రఫీ బాగుందని ఒకాయన మెచ్చుకున్నాడు. చివర్లో ఆ అమ్మాయి అలా ఎందుకు వెళ్ళిపోయిందో తీసినవాడికైనా తెలుసా అని మరొకాయన వెటకారమాడాడు. ఒట్టి పొగరు అని ఒకావిడ రాసింది. ఆ అమ్మాయి ఎందుకు వెళ్ళిపోయిందో నాకు తెలుసు. అది ఎవరికీ తెలియకుండా చేసినవాణ్ణి కూడా నేనే.

నాకు మొదటినుంచీ ఆడని సినిమాలంటేనే మక్కువ. ఇది గొప్పకు చెప్పడం లేదు, అదొక జబ్బు. అందరూ ఈలలు వేసిన సినిమాలు నేనూ చూశాను, నేనూ ఈలలు వేశాను, ఇంటికొచ్చి మర్చిపోయాను. మూడో రోజుకే వాల్‌పోస్టరు మీద ఇంకో పోస్టరు పడ్డ సినిమాలు మాత్రం నన్ను వదిలిపెట్టలేదు. ఒక సినిమాలో విలన్ లేడని జనం గోల చేశారు. నిజమే, అందులో అందరూ మంచివాళ్ళే, అయినా ఒక్కళ్ళు కూడా సుఖపడరు, మా ఇళ్ళల్లో జరిగేది అదే కదా అని నేను గుడ్లనీళ్ళు కుక్కుకున్నాను. ఇంకో సినిమాలో రిటైరైన పోస్టుమాస్టరు ఒకాయన మొత్తం మీద పది మాటలు కూడా మాట్లాడడు, ఆ పాత్ర దండగని పత్రికల వాళ్ళు రాశారు. నాకు ఆయన మా పెదనాన్నలా కనిపించాడు. నేను ముచ్చటపడి బయల్దేరానంటే హాల్లో కాళ్ళు చాపుకుని కూర్చోవచ్చని మా ఆవిడ ఇప్పటికీ వేళాకోళం చేస్తూ ఉంటుంది.

ఇలాంటివాడికి దేవుడు ఏ ఉద్యోగం ఇవ్వకూడదో ఆ ఉద్యోగమే ఇచ్చాడు. బి.ఏ. తప్పి, కృష్ణా జిల్లా నుంచి ఒక ట్రంకుపెట్టెతో హిమాయత్‌నగర్‌లో ఉన్న మా బాబాయి ఇంటికి వచ్చి పడ్డాను. ఆయన ఎవరితోనో మాట్లాడి ఆబిడ్స్‌లో ఒక సినిమా పంపిణీ ఆఫీసులో నన్ను చేర్పించారు. కింద చెప్పుల దుకాణం, పక్కనుంచి ఇరుకు మెట్లు, పైన మూడు గదులు. ఒక గదినిండా రేకు డబ్బాలలో సినిమా రీళ్ళు, ఇంకో గదిలో టైపు మిషను, మూడో గదిలో మా మేనేజరు గారు. ఆ మెట్లెక్కుతుంటే ఫిల్ము వాసన, కొత్త చెప్పుల తోలు వాసన కలిసి ముక్కుకు తగిలేవి. ఈ వయసులో అత్తరు వాసన కూడా నన్నంత సంతోషపెట్టదు.

నా పని వింటే ఈ కాలం వాళ్ళు నవ్వుతారేమో గాని, మా రోజుల్లో అది మామూలే. కొత్త సినిమా విడుదలైన మొదటి మూడు రోజులూ నేను హాల్లో కూర్చోవాలి. అయితే నేను చూడవలసింది తెర కాదు, జనాన్ని. ఎక్కడ నవ్వారు, ఎక్కడ దగ్గారు, ఎక్కడ పక్కవాడితో కబుర్లలో పడ్డారు, ముఖ్యంగా ఎక్కడ లేచి బయటికి వెళ్ళారు, అన్నీ రీలు నంబరు వేసి కాగితం మీద రాసి మేనేజరు గారికి ఇవ్వాలి. జనం లేచిన చోట ఆయన కత్తెర వేయించేవారు. సినిమా బతకాలంటే కొవ్వు తియ్యాలని ఆయన సిద్ధాంతం. ఆయనది బందరు, మనిషి మంచివాడే. నేను చేరిన వారానికే నా రుచి కనిపెట్టేసి, నాకు ఏదైనా నచ్చితే తనతో చెప్పవద్దనీ, భయం వేస్తుందనీ అందరి ముందూ అనేవారు. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వుతూ నవ్వుతూనే నా ఇష్టం మీద నాకు నమ్మకం పోయిందని ఇప్పుడు తెలుస్తోంది.

అలాంటప్పుడు వచ్చింది ఈ సినిమా. నాంపల్లి స్టేషనుకు వెళ్ళే దారిలో ఉన్న హాల్లో వేశారు. కథ చిన్నదే. పెళ్ళైన నెలకే ఇల్లు వదిలి వెళ్ళిపోయిన భర్త కోసం ఒక అమ్మాయి అత్తవారింట్లో తొమ్మిదేళ్ళు ఎదురుచూస్తుంది. చివరికి ఆయన వస్తున్నట్టు ఉత్తరం వస్తుంది, ఇల్లంతా పండగ. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడితే ఈ అమ్మాయి చెప్పులేసుకుని ఆయన పక్కనుంచి వెళ్ళిపోతుంది. అంతే, సినిమా అయిపోతుంది.

ఆ ఉత్తరానికీ ఆయన రాకకీ మధ్య, పద్నాలుగో రీలులో, ఒక సీను ఉండేది. పట్టపగలు, ఇంట్లో ఎవరూ ఉండరు. అమ్మాయి పెళ్ళి చీర కట్టుకుని అద్దం ముందు నిలబడి, భర్త రాగానే ఏమనాలో అని "వచ్చారా" అంటుంది. సిగ్గుగా ఒకసారి, కోపంగా ఒకసారి, ఏడుపు ఆపుకుంటూ ఒకసారి, అత్తగారి గొంతుతో ఒకసారి. ఏదీ అతకదు. కళ్ళు మూసుకుని ఆయన ముఖం గుర్తు చేసుకోబోతుంది, రాదు. అప్పుడు కళ్ళు తెరిచి, సినిమా మొత్తంలో మొదటిసారి, హాయిగా నవ్వుతుంది. చీర విప్పి మడతపెట్టి పెట్టెలో పెట్టేస్తుంది. పాట లేదు, వెనక వాద్యం లేదు, ఆరేడు నిమిషాలు. మొదటి రోజు నేను జనాన్ని చూడడం మర్చిపోయి తెర వంక చూస్తూ ఉండిపోయాను.

సరిగ్గా అప్పుడే బయట ఎక్కడో సైరన్ మోగింది. కుర్చీలు టపటపలాడాయి. తిరిగి చూస్తే కింద తరగతిలో సగానికి సగం మంది లేచి తలుపుల వైపు నడుస్తున్నారు. నాకు ప్రాణం ఉసూరుమంది. రెండో రోజూ అంతే. మూడో రోజూ అంతే, అదే సీను, అదే అద్దం, అదే సైరన్. స్టేషను పక్కన ఏ ఫ్యాక్టరీలోనో షిఫ్టు మారిందనుకున్నాను. మిగతా ఆటలు చూడవలసిన సీనియరు ఆ వారం పెళ్ళికని ఊరెళ్ళాడు, అందుకని మా ఆఫీసుకు నా మ్యాట్నీ కాగితాలే ఆధారం. మేనేజరు గారు ఆరింటికి వెళ్ళిపోతారు కనుక, జనం లేవగానే నేనూ లేచి, బాల్కనీ పక్క మెట్లు దిగి, గన్‌ఫౌండ్రీ సందుల్లోంచి పరుగులాంటి నడకతో ఆబిడ్స్ చేరేవాణ్ణి. మూడో రోజు కాగితం మీద రాశాను: పద్నాలుగో రీలు, అద్దం సీను, సగం మంది లేచారు, మూడు రోజులూ. సోమవారం నాటికి ఆ సీను లేదు. నైజాంలో తీసేశారని తెలిసి మిగతా జిల్లాల వాళ్ళూ తీసేశారు.

మర్నాడో ఆ మర్నాడో దర్శకుడు మద్రాసు రైలు దిగి, నాంపల్లిలో ఏదో లాడ్జిలో పెట్టె పడేసి, తిన్నగా మా ఆఫీసుకు వచ్చారు. అది ఆయన మొదటి సినిమా. నలభై ఏళ్ళుంటాయి, చొక్కా చేతులు మడిచి, బడిపంతులులా ఉన్నారు. కేకలేస్తారనుకున్నాను, వెయ్యలేదు. ఆ సీను కోసమే ఈ సినిమా తీశాననీ, ఒక్క హాల్లోనైనా మళ్ళీ కలిపి చూడమనీ మేనేజరు గారిని బతిమాలారు. మేనేజరు గారు నా కాగితం ఆయన ముందు పెట్టారు. ఆయన అది రెండుసార్లు చదివి, టైపు మిషను దగ్గర కూర్చున్న నా వైపు తిరిగారు.

"మీకెలా అనిపించిందండీ?" అన్నారు.

జనానికెలా అనిపించింది అని అడిగి ఉంటే నేను తడుముకునేవాణ్ణి కాదు. ఆయన నన్ను అడిగారు. నేను మేనేజరు గారి వైపు చూశాను. ఆయన ముఖంలో ఆ వేళాకోళపు నవ్వు అప్పటికే మొదలైంది.

"నేను జనాన్ని చూశానండి. సినిమా చూడలేదు," అన్నాను.

ఆయన తల ఊపి, ఎవరికో దండం పెట్టినట్టు మా అందరికీ కలిపి ఒక నమస్కారం పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయారు. ఆ పైవారం సినిమా కూడా వెళ్ళిపోయింది.

రంజాన్ పండగ వెళ్ళిన రెండో రోజున ఏదో పోస్టర్ల పని మీద ఆ హాలుకు వెళ్ళాను. అక్కడ గేటు దగ్గర టిక్కెట్లు చింపే పెద్దాయన్ని అందరూ చాచా అనేవారు. ఇంటినుంచి తెచ్చిన షీర్‌ఖుర్మా పాయసం గ్లాసు నా చేతికిచ్చి, ఆ సినిమా అంత తొందరగా ఎందుకెత్తేశారని అడిగారు. జనానికి నచ్చలేదు కదా చాచా, మూడు రోజులూ సగం హాలు లేచి పోయింది కదా అన్నాను. ఆయన నా ముఖం వంక వింతగా చూశారు.

"గది ఇఫ్తార్ టైం గద సాబ్. రోజా ఇడిశేటందుకు బయటికొచ్చిన్రు. నమాజుకు పోయినోళ్ళు పోయిన్రు, మిగిలినోళ్ళు నోట్ల ఖజూర్ పండు ఏస్కొని లోపలికి ఉరికిన్రు. ఏమైంది, ఏమైంది అని పక్కోళ్ళను అడిగి చెప్పిచ్చుకున్నరు. ఆఖర్ల ఏడ్చుకుంట పోయిన్రు సాబ్."

రంజాన్ నెల అని నాకు తెలియక కాదు. సాయంత్రాలు నాంపల్లి వీధుల్లో పళ్ళ బండ్లూ, పకోడీల పొగా చూస్తూనే ఉన్నాను. కాని ఉపవాసం ఉన్నవాళ్ళు పొద్దు గడవక చల్లగా ఉండే హాల్లో వచ్చి కూర్చుంటారని, నాకు ఫ్యాక్టరీ కూతలా వినిపించినది వాళ్ళు రోజంతా ఎదురుచూసిన సైరనని, ఊరికి కొత్తవాణ్ణి, నా ఊహకే రాలేదు. మిగతా అందరూ లేచినప్పుడే నేనూ లేచి వచ్చేశాను. వాళ్ళు తిరిగొచ్చారు, నేను రాలేదు. షీర్‌ఖుర్మా గ్లాసు చాచాకే తిరిగిచ్చేశాను.

పరుగున వెళ్ళి మేనేజరు గారితో అంతా చెప్పాను. ఆయన నా కాగితం వెతికించి ముందు పెట్టుకుని పైనుంచి కిందిదాకా వేలు పెట్టి చదివారు.

"టైమెందుకు వెయ్యలేదయ్యా? ఐదూ నలభై అని వేసుంటే నాకు తెలిసేది కాదూ?" అన్నారు.

నాకా రీలు నంబర్లు వెయ్యడమే నేర్పారు. టైము వెయ్యమని ఎవరూ చెప్పలేదు, వెయ్యాలని నాకూ తోచలేదు. పాపం ఆయనే స్వయంగా నాతో గోడౌనుకు వచ్చి, తీసేసిన ముక్కల కోసం డబ్బాలన్నీ విప్పించారు. అవి అప్పటికే పాత ఫిల్ముతో పాటు బేగంబజారులో తుక్కు కొనేవాళ్ళకు వెళ్ళిపోయాయి. ఆ రోజుల్లో పాత ఫిల్మును కరిగించి గాజులు చేస్తారని చెప్పుకునేవారు. ఆ పైన నెల రోజులు ఎవరి చేతికి కొత్త గాజులు కనిపించినా తల తిప్పుకునేవాణ్ణి. దర్శకుడికి ఉత్తరం రాశాను, చింపాను, మళ్ళీ రాశాను. ఏ ఒక్కటీ పోస్టు చెయ్యలేదు. ఆయన మరో సినిమా తియ్యలేదు. ఏదో ఊళ్ళో ట్యుటోరియల్ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ కాలం చేశారని ఎన్నో ఏళ్ళ తరవాత విన్నాను. ఆ సంవత్సరం ఆఖరుకే నేను ఆ ఉద్యోగం మానేసి బ్యాంకులో గుమాస్తాగా చేరాను.

ఇప్పుడు ఆ హాలు ఉన్నచోట సెల్‌ఫోన్ల అంగళ్ళు, పైనుంచి మెట్రో రైలు. అప్పుడప్పుడు అటు వెళ్ళినప్పుడు రోడ్డు పక్క ఊరికే నిలబడతాను. చీకట్లో తడుముకుంటూ తమ కుర్చీలోకి వచ్చి, ముక్కూ మొహం తెలియని పక్కవాణ్ణి ఏమైంది అని అడిగేవాళ్ళనీ, ఉర్దూ తెలుగు కలగలిపి గుసగుసగా ఆ అద్దం సీను చెప్పిపెట్టేవాళ్ళనీ తలుచుకుంటే నాకు పట్టరాని బెంగ కలుగుతుంది. వాళ్ళను నేను చూడలేదు, చాచా చెప్పగా విన్నాను. అయినా అంత మంచి ప్రేక్షకుల మధ్య మళ్ళీ ఒక్కసారి కూర్చోవాలని ఉంటుంది.

ఈ రోజుల్లో వీళ్ళకు మొహమాటం లేదు, అది మంచిదే. ఆడని సినిమాను వెతికి పట్టుకుని, ఊరంతా కాదన్నా సరే, నాకు నచ్చింది అని పదిమందిలో బల్ల గుద్ది చెబుతారు. వాళ్ళను చూస్తే ముచ్చటేస్తుంది, కొంచెం అసూయ కూడా కలుగుతుంది. ఆ రోజు ఆ దర్శకుడు అడిగినప్పుడు నచ్చిందండీ అని నేనూ ఒక్క మాట అని ఉంటే, ఆ సీను తిరిగి వచ్చేదో కాదో చెప్పలేను. మేనేజరు గారు నవ్వేవారు, అంతే, నా ఉద్యోగమేమీ పోయేది కాదు. తన సినిమా ఒక్క మనిషికైనా నచ్చిందని తెలుసుకుని ఆయన మద్రాసు రైలెక్కి ఉండేవారు.