గంధకం పొగపెట్టిన బెల్లం

నిజాంసాగర్ కాలువ నీళ్లు వచ్చాక మా ఊరంతా చెరుకే వేసింది. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మొదలయ్యాక ఆ చెరుకంతా బండ్లెక్కి అటే పోయింది. ఊళ్లో మిగిలిన గానుగ మా మామది ఒక్కటే. నేను ఆ ఇంటి కోడల్ని. బెల్లం బాగుందంటే పేరు మామకొచ్చేది. బెండ మొక్కల కాడలు దంచి, నానబెట్టి, జిగురు పిండి ఇచ్చేది మాత్రం నేనూ మా అత్తా. కాగే రసంలో ఆ జిగురు పోస్తే మడ్డి పైకి తేలేది. దాన్ని తీసేస్తే పాకం తేటపడేది.

ఆ ఏడు నిజామాబాద్ సేటు మా బెల్లం గడ్డను గోటితో గీరి పక్కన పెట్టాడు.

"నల్లగుంది పటేలా. జనం తెల్ల చక్కెర సూసిండ్రు. తెల్లది తెస్తే తీసుకుంట, లేకుంటే వద్దు."

సేటు కొనకపోతే గానుగ మూతపడ్డట్టే. మామకు అన్నం సయించలేదు. చెరుకు బండి వెంట బోధన్ పోయి, ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎవరినో పట్టుకుని కిటుకు తెలుసుకొచ్చాడు. అక్కడ రసంలో సున్నం పోసి గంధకం పొగ పట్టిస్తారట. అంతే, మా ఇంట్లో ఇంజనీరు పుట్టాడు.

"బెండ కాడలు బందు వెట్టుండ్రి. గవి పాతకాలపువి," అన్నాడు.

"గా పొగ కడుపుల వోతే ఎట్ల?" అని అత్త అడిగింది.

"గంత పెద్ద ఫ్యాక్టరోళ్లకు లేని ఫికరు నీకెందుకే?"

ఫ్యాక్టరీలో దేనికైనా కొలత ఉంటుంది. మా మామ కొలత గుప్పెడు, చాలకపోతే ఇంకో గుప్పెడు. కుండలో నిప్పుల మీద గంధకం చల్లి, వెదురు గొట్టంతో పొగను రసం కాగే పెనంలోకి ఊదాడు. దగ్గి దగ్గి గొంతు పోయి, కొన్నాళ్లు సైగలతోనే పెత్తనం చేశాడు. ఆ కొన్నాళ్లూ ఇల్లు హాయిగా ఉంది.

పొయ్యి దగ్గరికి వచ్చినవాళ్లను వేడి బెల్లం పెట్టకుండా పంపకూడదని మా వైపు పద్ధతి. ఊరివాళ్లు జొన్నరొట్టె తెచ్చుకుని మరీ వచ్చేవారు. ఈసారి మామ గరిటె చాపితే, వాసన చూసి ఒకరు పంటినొప్పి అన్నారు, ఒకరు ఉపవాసం అన్నారు. ఆ ఉపవాసం చేతిలో రొట్టె ఉంది.

బెల్లం మాత్రం తెల్లగానే దిగింది. సేటు మురిసిపోయి మొత్తం తీసుకున్నాడు. గానుగ నిలబడింది. మామ లేచి వస్తుంటే సేటే దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడట.

"మా ఇంటికి మాత్రం గా పాత నల్లది పంపు పటేలా. పిల్లలు తింటరు."

ఈ మాట మామ ఇంటికొచ్చి గర్వంగా చెప్పాడు, తనకేదో బిరుదు ఇచ్చినట్టు. నాకు ఒళ్లు మండింది. మర్నాడు మళ్లీ మాచేత బెండ కాడలు దంచించి, సేటు ఇంటికని చిన్న పెనంలో వేరుగా వండాడు. అంత తేట పాకం నేను ఆ ఇంట్లో ఎన్నడూ చూడలేదు. ఆ గడ్డలను గుడ్డలో కట్టి బండెక్కించాక, నా పిల్లలు రొట్టెలోకి బెల్లం అడిగారు. మామ తెల్ల గడ్డ పగలగొట్టి వాళ్ల చేతుల్లో పెట్టాడు.