మెట్టుకో తలనొప్పి

ఆ రోజుల్లో నాకు లోకంలో తల అన్నది ఒక్కటే ఉండేది, అది నాదే. మిగతావాళ్ళ మెడల మీద ఉన్నవి దువ్వుకోవడానికి తప్ప ఇంకెందుకూ కాదన్నట్టు బతికాను. అప్పటికి నాకు ఇరవై మూడేళ్ళు. పాకాల నుంచి పొద్దున రైలెక్కి తిరుపతిలో ఒక కొరియర్ ఆఫీసుకు పోయేవాణ్ణి. రైలు కోసం పరిగెత్తితే తలనొప్పి. పార్సిల్ మూట ఎత్తితే తలనొప్పి. దగ్గినా, తుమ్మినా, బూటు లేసు కోసం వంగినా కణతల్లో పలక వాయించినట్టు ఉండేది. గట్టిగా నవ్వినా వచ్చేది కాబట్టి, ఆఫీసులో ఎవరైనా జోకు మొదలుపెడితే లేచి బయటికి నడిచేవాణ్ణి (దాంతో నాకు గర్విష్ఠి అని పేరొచ్చింది). చివరికి ఫోన్‌లో వెతికాను. అది చూపించిన కారణాల్లో చాలావరకు ప్రమాదం లేనివే. నేను మాత్రం జాబితాలో అట్టడుగున ఉన్న ‘మెదడులో గడ్డ’నే నాకోసం ఎంచుకున్నాను. ఆసుపత్రికి పోతే అక్కడి డాక్టరమ్మ సోమవారం స్కాన్ తీయిద్దాం అనేసరికి ఇంక అనుమానమే లేకపోయింది.

ఇంట్లో చెప్పే ధైర్యం లేక మా మేనత్తకు చెప్పాను. ఆమెది స్టేషన్ దగ్గర టిఫిన్ అంగడి. మొదటి బండి కూతకంటే ముందే లేచి పొయ్యి వెలిగిస్తుందని ఊరంతా ఆమెను ఇంజనత్త అనేవారు.

"యాడ్రా నొప్పి?" అంది చట్నీ కలుపుతూ.

"తల లోపల అత్తా. ఏదో ఉండాదని అనుమానం."

గరిట పక్కన పెట్టి, కొండ దిక్కుకు తిరిగి దండం పెట్టింది. "సామీ! మావోని తలలో ఏమీ లేదని సెప్పించు. మెట్లన్నిటికీ పసుపూ కుంకుమా పెడతాం!" (ఇడ్లీ తింటున్న ఒకాయన దానికి పొలమారాడు.)

పని అయ్యాక మొక్కు తీర్చడం లోకరీతి. మా అత్త మాత్రం, "ముందే తీర్చేస్తే సామికీ మొగమాటంగా ఉంటాది" అని ఆదివారమే బయల్దేరదీసింది. వంగితే వచ్చే తలనొప్పి పోవడానికి మూడున్నర వేల మెట్లకు వంగి వంగి బొట్లు పెట్టడమనే ఈ వైద్యంలో తిరకాసు ఎక్కడుందో ఇద్దరిలో ఒక్కరికీ తోచలేదు.

అలిపిరిలో మొదలుపెట్టాం. పసుపు ఆమె, కుంకుమ నేను. రెండు వందల మెట్లయినా దాటలేదు, నా తల పగిలిపోయేట్టు అయింది. గోడకు ఆనుకుని కూలబడ్డాను.

"గమ్మున కూసో. ఇంక నేను పెడతా" అంది.

"నాకోసం మొక్కింది గదా అత్తా!"

"తల నీది, మొక్కు నాది. లెయ్, నీళ్ళ సీసా పట్టుకోని ఎనకాల రా."

అక్కణ్ణుంచి ఒక చేత్తో పసుపు, ఇంకో చేత్తో కుంకుమ. మెట్టు మెట్టుకూ వంగడం, లేవడం. నేను పెళ్ళికొడుకులా నిటారుగా వెనక నడిచాను. "ఏమప్పా, పెద్దామె చేత పెట్టిస్తా చేతులూపుకుంటా పోతాండావే?" అని ఎవరో అడిగితే, "వానికి తల బాగలేదులేప్పా" అంది అత్త. ఆయన నన్ను జాలిగా చూసి, కాస్త ఎడంగా జరిగి వెళ్ళాడు.

గాలిగోపురం దగ్గర అత్త గట్టిగా దగ్గి, రెండు చేతులతో తల పట్టుకుని కళ్ళు మూసుకుంది. "ఏమైంది అత్తా?" అంటే, "కుంకుమ గొంతులో పడిందిరా" అంది. నేను నమ్మాను. నా నొప్పి తప్ప మరో నొప్పి ఉంటుందని తోచని వయసు. మోకాళ్ళ మెట్ల దగ్గర కుర్రవాళ్ళే రొప్పుతుంటే ఆమె ఒక్క మెట్టూ వదల్లేదు. ఏం మనిషి, ఏం గట్టి మనిషి అని మనసులో వందసార్లు అనుకున్నాను. అంతకంటే ఏమీ చేయలేదు.

సోమవారం స్కాన్ చూసి డాక్టరమ్మ, "ఏమీ లేదు బాబూ. శ్రమపడితే వచ్చే రకం. ఒక్కసారిగా పరిగెత్తకు, నీళ్ళు బాగా తాగు, ఈ మాత్రలు వాడు" అన్నారు. "నిన్ననే మెట్లన్నిటికీ వంగి వంగి బొట్లు పెట్టొస్తిని గదమ్మా!" అని నా వెంట వచ్చిన అత్త ఆనందం పట్టలేక గదంతా మారుమోగేలా నవ్వింది. నవ్వు సగంలోనే తల పట్టుకుంది. డాక్టరమ్మ రాయడం ఆపేశారు.

"మీకూ వస్తుందామ్మా?"

"దగ్గితే వస్తాది, నవ్వితే వస్తాది, బక్కెట్టు ఎత్తితే వస్తాది. ఇరవై ఏండ్లాయె."

"నిన్న మెట్లకు వంగినప్పుడు?"

"వచ్చినాది. మెట్టుకోసారి."

"ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదా?"

అత్త ఏ నిష్ఠూరమూ లేకుండా, "ఎవురన్నా అడిగితే గదమ్మా సెప్పేది" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆమెకూ అప్పటికప్పుడే స్కాన్ తీయించాను. దేవుడి దయవల్ల అందులోనూ ఏమీ లేదు.

ఇప్పుడు నాకు ముప్పై అయిదు దాటాయి. మా ఇంట్లో ఎవరు దగ్గినా, "తల నొప్పిగా ఉందా?" అని వెంటపడతాను. నా పోరు పడలేక పిల్లలు మేడ మీదికి పోయి దగ్గివస్తారు. అత్త మాత్రం హాయిగా నా ముందే దగ్గుతుంది. నేను అడగడం ఒక్క క్షణం ఆలస్యమైతే ఇంకోసారి దగ్గుతుంది. అడగ్గానే, ఎప్పుడు మొదలైందో, ఏ పక్క లాగిందో, ఎంతసేపు ఉండిందో తీరుబడిగా, సంతోషంగా చెప్పుకొస్తుంది.