నెదెల్యా కొట్టు కింది సోఫియా

మార్చి నెలలో మంచు కరుగుతున్న రోజులవి. ఒక పొద్దున్న నెదెల్యా ముతాఫొవా కొట్టు తెరవడానికి మెట్లు దిగి, చివరి మెట్టు మీంచి కాలు కింద పెట్టింది. చీలమండ దాకా నీళ్లు. చెప్పు ఊడి బీరు సీసాల పెట్టెల మధ్యకు తేలిపోయింది.

"మెతోదీ! కిందికి రా! బకెట్టు పట్రా!"

ఆమె భర్త మెతోది దిగొచ్చాడు. చేతిలో బకెట్టు లేదు, కళ్లద్దాలున్నాయి. ముప్ఫయ్యేడేళ్లు బడిలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి. చివరి మెట్టు మీద కూర్చుని నీళ్లలో వేలు పెట్టి చూశాడు.

"ఇది మంచు నీరొక్కటే కాదే. కాస్త గోరువెచ్చగా ఉంది. ఈ ఊటలుండబట్టే ఇక్కడ ఊరు వెలసింది. ముందు సెర్ది తెగవాళ్లు వచ్చారు. తర్వాత రోమన్లు..."

"గోరువెచ్చగా ఉందా? అయితే స్నానం చేసెయ్ మాస్టారూ. ఆ రోమన్లని కూడా పిలువు, వీపు రుద్దుతారు. ముందు ఆ పంచదార బస్తా ఎత్తు!"

బల్గేరియా రాజధాని సోఫియా నడిబొడ్డున ఒక నాలుగంతస్తుల పాత భవనం అడుగున ఉంది ఆమె కొట్టు. దాని కిటికీ కాలిబాటకు సమానంగా ఉంటుంది. బీరు కావలసినవాడైనా, పెరుగు డబ్బా కావలసిన ముసలమ్మైనా బయట గొంతుక్కూర్చుని, తల వంచి లోపలికి అడగాల్సిందే. నెదెల్యా అంతకుముందు ఇరవై ఏళ్లు ప్రభుత్వ టోపీల ఫ్యాక్టరీలో కుట్టుపని చేసింది. ప్రభుత్వం మారింది, ఫ్యాక్టరీ మూతపడింది. ఆ భవనంలో జూదశాల పెట్టారు. నెదెల్యా నెల రోజులు ఏడ్చి, తర్వాత సుత్తి తీసుకుని తమ వాటాకొచ్చిన నేలమాళిగ కిటికీని పెద్దది చేసి కొట్టు పెట్టింది. పధ్నాలుగేళ్లయింది. ఆ ఇంట్లో పొయ్యిలోకి కట్టెలు వచ్చినా, కూతురి చదువు సాగినా ఆ కిటికీలోంచే.

ఆమె పుట్టింది కూడా ఆ స్థలంలోనే. ఆమె పుట్టకముందు, రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి వాళ్లమ్మ కాపురమున్న ఇల్లు కూలిపోయింది. ఆ శిథిలాలనే గోతుల్లో నింపి, చదును చేసి, పైన ఈ భవనం కట్టారు. వీధి పేరు కూడా ఆమె ఎరుకలోనే రెండుసార్లు మారింది. ఒక సేనాపతి పోయి ఒక విప్లవవీరుడు వచ్చాడు, అతను పోయి ఒక సాధువు వచ్చాడు. మారిన ప్రతిసారీ కార్డులన్నీ పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది నెదెల్యా. ఆ సేనాపతి ఎవరో, ఆ సాధువు ఏ శతాబ్దంవాడో భోజనాల దగ్గర వివరించాడు మెతోది.

మూడు రోజులు తోడినా నీళ్లు తగ్గలేదు. నాలుగో రోజు ఆమె తమ్ముడు గెంచో వచ్చాడు. ప్లంబరు. నేల తవ్వి గొట్టం వేస్తే గాని లాభం లేదన్నాడు. తవ్వాడు. రెండు మూరల లోతు వెళ్లేసరికి గునపం ఖంగుమంది. మట్టి తుడిచి చూస్తే వెడల్పాటి పలక ఇటుకలు, వాటి మధ్య గులాబీ రంగు సున్నం.

గెంచో గునపం పక్కన పెట్టి సిగరెట్టు వెలిగించాడు.

"అక్కా, నేనేమీ చూళ్లేదు. నువ్వూ చూళ్లేదు. సాయంత్రానికి రెండు బస్తాల సిమెంటు తెస్తా."

"చెబితే ఏమవుతుంది?"

"ఏమవుతుందా? మా వీధి చివర రొట్టెల కొట్టు గుర్తుందా? వాడికి కుండపెంకు దొరికింది, పాపం, నోరు జారాడు. పురావస్తువాళ్లు వచ్చి తాడు కట్టి పోయారు. మూడేళ్లయింది, తాడింకా అలాగే ఉంది."

"తెచ్చెయ్ సిమెంటు," అంది నెదెల్యా.

సరిగ్గా అప్పుడే మెతోది కాఫీ పట్టుకుని దిగాడు. గోతిలోకి చూశాడు. కప్పు ఇటుకల దొంతి మీద పెట్టి, ఉతికిన ప్యాంటుతోనే బురదలో మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒక ఇటుక మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయాడు. ముప్ఫయ్యేడేళ్లు మ్యూజియం అద్దాల పెట్టెల్లో పిల్లలకు చూపించిన రోమన్ల నాటి వస్తువు, తను నిద్రపోయే గదికి సూటిగా మూడంతస్తుల కింద ఉంది.

"నోరు విప్పావంటే నీకూ నాకూ చెల్లు," అంది నెదెల్యా. "కొట్టు మూస్తే తినేదేంటి? ఇటుకలా?"

అతను లేచాడు. "నీ కొట్టు. నీ ఇష్టం," అన్నాడు. పైకి వెళ్లిపోయాడు.

ఆ పూట చిక్కుడు గింజల పులుసు మాట లేకుండా తిన్నాడు. మర్నాడూ అంతే. టీవీలో పాత కోట ఏదో చూపిస్తుంటే లేచి ఛానల్ మార్చాడు. పెళ్లయిన ముప్ఫై నాలుగేళ్లలో ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. పెళ్లికి ముందు మొదటిసారి బయటికి తీసుకెళ్లినప్పుడు కూడా వానలో గంటన్నర సేపు ఒక కూలిన బురుజు ముందు నిలబెట్టి మాట్లాడిన మనిషి. గెంచో సిమెంటు బస్తాలు తెచ్చి గోడకు ఆనించాడు. వాటిని ఎవరూ విప్పలేదు.

నాలుగో రోజు నెదెల్యా చెంచా బల్ల మీద విసిరికొట్టింది.

"ఏదో ఒకటి వాగు! టర్కీవాళ్ల గురించో, జార్ల గురించో! నీ నోటికి తాళం పడితే నాకు పిచ్చెక్కిపోతోంది!"

"చెప్పడానికేముంది?" అన్నాడు మెతోది.

ఆమె లేచి ఫోన్ తీసింది. పురావస్తువాళ్ల నంబరు ఆ ఇంట్లో ఫోను పక్క గోడ మీదే రాసి ఉంది. "మా నేలమాళిగలో మీ రోమన్లు తేలారు," అంది. "వచ్చి పట్టుకుపోండి. తొందరగా రండి, నేను కొట్టు తెరుచుకోవాలి." ఫోన్ పెట్టేసి భర్త వైపు చూడకుండా గిన్నెలు కడగడానికి వెళ్లిపోయింది. వెనకనుంచి అతను ముక్కు చీదుకోవడం వినిపించింది.

రెండు వారాల్లో అయిపోతుందన్నారు. ఏడు నెలలు పట్టింది.

వచ్చినామె పేరు రాలిత్సా. ముప్ఫై దాటని పిల్ల, చేతిలో కుంచె, తల మీద దీపం. గెంచో ఒక గంటలో తవ్వేదాన్ని ఆమె ఒక వారం తుడుస్తుంది. మెతోది పొద్దున్నే క్షవరం చేసుకుని, టై కట్టుకుని నేలమాళిగలోకి దిగుతాడు. మట్టి మోస్తాడు. సరుకంతా పడగ్గదిలోకి చేరింది. నెదెల్యా సబ్బుపెట్టెలకూ వోడ్కా సీసాలకూ మధ్య పడుకుని లేస్తోంది. రోజూ ఎవరో ఒకరు కిటికీ దగ్గర గొంతుక్కూర్చుని, "ఎప్పుడు తెరుస్తున్నారు?" అని అడుగుతారు.

"రోమన్లనడగండి," అంటుంది.

గోతిని ఒక మూలనుంచి పక్కలకు వెడల్పు చేశారు. పైన బాంబుల నాటి శిథిలాలు, దాని కింద టర్కీవాళ్ల కాలపు మట్టి చిలుము గొట్టాలు, ఒక గుర్రపు నాడా, దాని కింద బెత్తెడు మందాన బూడిద, అట్టడుగున ఇటుకలు. ప్రతి ముక్కనూ రాలిత్సా చిన్న సంచిలో వేసి, చీటీ రాసి, పెట్టెలో పెట్టేది. పైపొరలోని చెత్త మాత్రం గోనెల్లోకి పోయేది.

ఒక మధ్యాహ్నం నెదెల్యా ఆ గోనె పక్కనుంచి వెళుతూ ఆగింది. పైనే ఒక కాఫీ గిన్నె ఉంది. నీలం ఎనామెల్, తెల్ల చుక్కలు. అడుగు కాలి ఊడిపోయింది. పిడి దగ్గర రాగి తీగతో కట్టిన పాత అతుకు. ఆ తీగ కట్టింది వాళ్ల నాన్న. ఆమె పుట్టకముందు. వాళ్లమ్మ బతికినన్నాళ్లూ ఏ గిన్నెలో కాఫీ పెట్టినా, "ఆ నీలం గిన్నె రుచి రాదు. మీ నాన్న తీగ చుట్టి ఇచ్చాడు," అని సణిగేది.

"ఇదెందుకు గోనెలో వేశావ్?"

రాలిత్సా తలెత్తింది. "అది కొత్త పొరండీ. మాకు పనికిరాదు. పారబోసే మట్టి."

"రోమన్లు పారేసిన ఎముకముక్కకి పెట్టె, చీటీనా? మా అమ్మ గిన్నెకి గోనా? ఏం, మా అమ్మ ఈ ఊరిది కాదా? ఇంకెన్నేళ్లు మట్టిలో ఉండాలమ్మాయ్, నీ చీటీ రావాలంటే?"

మెతోది మట్టి తట్ట దించి, "నెదెల్యా..." అన్నాడు.

"నువ్వు మాట్లాడకు! ముప్ఫై నాలుగేళ్లు చక్రవర్తుల పేర్లన్నీ చెప్పావు. బాంబులు పడ్డ రాత్రి మా అమ్మ ఈ గోతిలోంచి ఎలా బయటపడిందో ఒక్కసారైనా అడిగావా?"

అతను అడగలేదు. అది అతనికీ తెలుసు. ముఖం ఎర్రబడింది. తట్ట బోర్లించి దాని మీద కూర్చుని, "ఇప్పుడు చెప్పు," అన్నాడు. నెదెల్యా కోపంగానే చెప్పింది. బొగ్గుల గదిలోంచి వాళ్లమ్మను పొరుగింటావిడ జుట్టు పట్టుకుని బయటికి లాగిన సంగతి, తర్వాత వాళ్లమ్మ ఒంటి మీద ఒక్క కోటుతో పల్లెకు నడిచి వెళ్లిన సంగతి చెప్పింది. రాలిత్సా దీపం ఆర్పి విన్నది. విన్నాక ఒక సంచి తీసి, గిన్నెను అందులో పెట్టి, "ఏ సంవత్సరం అని రాయమంటారు?" అని అడిగింది.

సెప్టెంబరుకు తేలిందేమిటంటే ఆ ఇటుకల కట్టడం గోడ కాదు, రోమన్ల మురుగు కాలువ. మనిషి వంగి నడిచేంత ఎత్తు. బాంబుల శిథిలాలు నింపినప్పుడు దాని నోరు పూడుకుపోయింది. రాలిత్సా మనుషులు మట్టి తీసిన వారానికి పెద్ద వాన కురిసింది. నెదెల్యా తుడుపుగుడ్డతో సిద్ధంగా నిలబడితే, గోడల్లోంచి ఊరిన నీరంతా కాలువలోకి జారి గలగలా వెళ్లిపోయింది. నేల పొడిగా ఉంది.

"గెంచో!" అని అరిచింది. "చూడరా, రోమన్లు నీకంటే పనిమంతులు!"

పది రోజులకు పురావస్తు శాఖనుంచి ఒక ఉత్తరం వచ్చింది. అది రక్షిత కట్టడమట, అందులోకి నీరు వదలడం నిషేధమట. మురుగు కాలువలోకి నీళ్లు పోకూడదు! నెదెల్యా ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి, కుర్చీలో కూలబడింది. నవ్విందో ఏడ్చిందో ఆమెకే తెలియలేదు. మెతోది జవాబు రాయడానికి కూర్చున్నాడు. సెర్ది తెగతో మొదలుపెట్టి పదకొండు పేజీలు రాశాడు. ఆమె వాటిని సొరుగులో పెట్టి తాళం వేసి, తనే నాలుగు లైన్లు రాసింది: నీళ్లు నేను వదలడం లేదు, అవే వెళ్తున్నాయి. ఆపాలంటే మీరొచ్చి వాటితో మాట్లాడండి. కొట్టు రోజూ ఏడింటికి తెరుస్తాను.

రెండు నెలల తర్వాత ఆ శాఖ పెద్దలు ముగ్గురు వచ్చి, గొంతుక్కూర్చుని కిటికీలోంచి చూసి, వెళ్లారు. కాలువ మీద తెరిచి మూసే సిమెంటు పలకలు వేసి, ముందు సగంలో కొట్టు నడుపుకోవచ్చని తేల్చారు. నీళ్ల మాట ఎవరూ ఎత్తలేదు.

పలకలు పోసే పని గెంచోదే. చివరి పలక తడిగా ఉండగా నెదెల్యా నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, భర్తను మొట్టమొదటిసారి తనంతట తానే చరిత్ర గురించి ఒక ప్రశ్న అడిగింది.

"ఈ కాలువ కట్టినవాడి పేరేంటి?"

మెతోది ఉత్సాహంగా మొదలుపెట్టాడు. "అప్పటి చక్రవర్తి..."

"చక్రవర్తి ఇటుకలు మోశాడా? కట్టినవాడి పేరడిగాను."

"తెలీదు," అన్నాడు మెతోది. "ఎవరూ రాసిపెట్టలేదు."

"ఇన్ని పుస్తకాలు చదివావు, పనికొచ్చే పని చేసినవాడి పేరొక్కటి లేదా?" విసుగ్గా తమ్ముడి వైపు తిరిగింది. "ఒరేయ్, మేకు తీసుకో. దాని మీద నీ పేరు గీకు."

"నా పేరెందుకక్కా? ఎవడు చూస్తాడు?"

"గీకమన్నానా! పొట్టి పేరు కాదు. ఇంటిపేరుతో సహా రాయి."

గెంచో నాలిక పళ్లమధ్య పెట్టుకుని, తడి సిమెంటు మీద వంకరటింకరగా రాయడం మొదలుపెట్టాడు. రెండో అక్షరం తప్పు పడింది. మెతోది పక్కన కూర్చుని దిద్దాడు.