వడ్ల బస్తాల అవతలికి వైఫై

మిర్యాలగూడలో మా ఇల్లు రైలు పెట్టెలా పొడవుగా ఉంటుంది. ముందు హాలు, దాని వెనక నడిమి ఇల్లు, ఆ వెనక వంటిల్లు, చిట్టచివర నా గది. గదులన్నిటి పక్క నుంచీ ఒక వసారా పోతుంది. హాలు నాయినది. పొద్దున్నించి సాయంత్రం దాకా అక్కడ ఎవరో ఒకరు కూర్చుని కాలువ నీళ్ల గురించో, మిల్లుల వాళ్ల గురించో మాట్లాడుతూనే ఉంటారు. టెలిఫోను లైను ఆ హాల్లోకే వచ్చింది కాబట్టి ఇంటర్నెట్ మోడెం కూడా అక్కడే, టీవీ బల్ల మీద ఉండేది. చివరి గదిలో నేనూ, ట్రంకు పెట్టె నిండా పుస్తకాలూ, దిండు కింద డైరీ. హాల్లో నలుగురు ఉన్నప్పుడు మంచినీళ్లు ఇచ్చి రమ్మంటే, గ్లాసుల పళ్లెం గుమ్మం దగ్గరే పెట్టి వచ్చేసేదాన్ని.

2012లో నా డిగ్రీ అయిపోయింది. ఒకరోజు పక్కింటి పిల్ల గైడు తిరగేస్తుంటే తప్పులు కనిపించాయి. ఊరుకోలేకపోయాను. పేజీల వారీగా అన్నీ తెల్లకాగితాల మీద రాసి, ఆ గైడు అచ్చు వేసిన హైదరాబాదు ఆఫీసుకు పోస్టు చేశాను. కింద నా మెయిలు కూడా రాశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నెల తర్వాత, ఒక బుధవారం, జవాబు వచ్చింది. ఇంటి దగ్గర నుంచే ప్రూఫులు దిద్దే పని చేస్తారా, పేజీలు మెయిల్లో పంపుతాం, ముందు ఒకసారి వీడియోలో మాట్లాడాలి, సోమవారం పదకొండు గంటలకు వీలవుతుందా అని.

ఆ మెయిలును వసారాలో నిలబడి చదివాను. నా గదిలో వైఫై రావడం మానేసి అప్పటికి పదిహేను రోజులైంది. వేసవిలో మూడు గీతలు ఉండేవి. ఇప్పుడు ఒక్క గీత వెలిగి, నేను చూసేలోపే ఆరిపోతోంది.

అమ్మకు చెప్పాను. అమ్మ సంతోషపడి, వెంటనే దారి కూడా చూపించింది.

"హాల్ల కూసోని మాట్లాడరాదు? నీ పక్కన నేను కూసుంట."

"హాల్ల నాయిన దగ్గరికొచ్చేటోళ్లు ఉంటరమ్మా."

"ఉంటే ఏమైతది? నిన్నేమన్న కొరుకుతరా?"

కొరకరు. కానీ తెలియని మనిషి అడిగిన దానికి తెలిసిన పదిమంది ముందు జవాబు చెప్పడం నావల్ల కాదు. నాకు తెలుసు. "తర్వాత చెప్తానండీ" అనేసి లేచి వస్తాను. ఆ పని ఇంకెవరికో పోతుంది. నా గదిలో, తలుపు వేసుకుని అయితే మాట్లాడగలను. సోమవారం పదకొండు లోపల నా గదికి వైఫై రావాలి. ల్యాప్‌టాప్‌కు నేరుగా వైరు పెడదామంటే దాని వైరు రంధ్రం విరిగిపోయి ఉంది. కోదాడలో మా మేనత్త కొడుకు కొత్తది కొనుక్కుని పాతది నాకు ఇచ్చింది అందుకే.

అమ్మ తన తమ్ముడికి ఫోను చేసింది. సూర్యాపేట మామ మరునాడే బస్సు దిగాడు, చంకలో పెద్ద అట్టపెట్టెతో. విప్పితే నల్లటి రౌటరు, దానికి మూడు కొమ్ములు.

"మీ డబ్బాకు ఒక్క కొమ్మన్న లేదు. ఇది సూడు, మూడు! వీధి చివర దాక ఉరుకుతది సిగ్నలు. నా దోస్తు షాపుల తెచ్చిన. నచ్చకుంటే వాపస్ తీసుకుంటడు. ఎందుకు నచ్చదు?"

పాత మోడెం తీసి దాన్ని పెట్టాడు. హాల్లో ఐదు గీతలూ వచ్చాయి. మామ మీసం దువ్వుకున్నాడు. నేను నా గదికి పోయి చూశాను. ఒక గీత. ఆరిపోయింది.

"తలుపు తీసి పెట్టు!" అని హాల్లోంచి కేక. తీశాను. "ల్యాప్‌టాప్ జర పైకెత్తు!" ఎత్తాను. "ఇటు తిరుగు!" తిరిగాను. అలా రెండు చేతులతో ల్యాప్‌టాప్ ఎత్తి పట్టుకుని గదిలో చుట్టూ తిరుగుతుంటే, వంటింట్లోంచి అమ్మ తొంగి చూసి, "హారతిస్తున్నవా ఏందే?" అంది.

"హాల్ల ఐదున్నయి గద పిల్లా!" అన్నాడు మామ, తప్పంతా నా గదిదే అన్నట్టు.

శుక్రవారం మధ్యాహ్నం ఏం తోచక డైరీ తీశాను. నా డైరీలో గొప్ప సంగతులేమీ ఉండవు. ఏ పుస్తకం ఎన్ని పేజీలు చదివాను, అమ్మ ఏం వండింది, కరెంటు ఎప్పుడు పోయింది. వైఫై వచ్చిన కొత్తలో రోజూ ఎన్ని గీతలు వచ్చాయో కూడా రాసుకునేదాన్ని. అలవాటైపోయి మానలేదు. వెనక్కి తిప్పుతూ పోయాను. లేదు. లేదు. ఒకటి. లేదు. అంతకుముందు అన్నీ మూడు, మూడు, మూడు. మూడు ఆగిపోయిన రోజు పేజీలో ఇలా ఉంది: "ఈరోజు వడ్లు ఇంటికి వచ్చాయి. నడిమి ఇల్లు దూలం దాకా నిండింది. ఇక వంటింటికి వసారా చుట్టు తిరిగి పోవాలి."

లేచి ల్యాప్‌టాప్ పట్టుకుని నడిమి ఇంటికి పోయాను. మంచి రేటు వచ్చేదాకా అమ్మేది లేదని నాయిన పెట్టించిన బస్తాలు గోడకు గోడగా పేర్చి ఉన్నాయి. హాలు వైపు తలుపులో నిలబడితే నాలుగు గీతలు. వసారా చుట్టూ తిరిగి వంటింటి వైపు తలుపులోకి వస్తే ఏమీ లేవు. ఒక బస్తా కుట్టు సందులో వేలు పెట్టి చూశాను. ఇంకో రెండు ఎండలు కావలసిన వడ్లు. చల్లగా, చెమ్మగా ఉన్నాయి. మామ తెచ్చిన పెట్టెలో ఒక చిన్న పుస్తకం ఉంది, ఎవరూ విప్పలేదు. దాన్ని మొదటి పేజీ నుంచి చదివాను. మందమైన గోడలు, నీళ్లున్న వస్తువులు, చేపల తొట్లు సిగ్నలుకు అడ్డం అని పదకొండో పేజీలో ఉంది. చెమ్మ వడ్ల సంగతి రాయాలని ఆ పుస్తకం రాసినవాళ్లకు తోచి ఉండదు.

అప్పుడు నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే. డైరీ చేత్తో పట్టుకుని నేరుగా హాల్లోకి నడిచాను.

"నాయినా, మామ తెచ్చింది మంచిదే గని మనకు పనికిరాదు. సిగ్నలును వడ్లు ఆపుతున్నయి."

మామ పెద్దగా నవ్వాడు. "వడ్లు తినే ఎలుకలను సూసినం గాని, వైఫై తినే వడ్లు ఇప్పుడే సూస్తున్న బావా!"

నాయిన నవ్వలేదు. నా వైపు చూశాడు. మా పొలం సాగర్ ఎడమ కాలువ చివర్లో ఉంటుంది. ఆ చివరి మడి బాధ ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"నాయినా, మన చివరి మడికి నీళ్లు ఎందుకు రాకపోయేటియి?"

"పైనోళ్లు తాగుతరు గద బిడ్డా."

"తూము ఇంకో జానెడు ఎత్తితే వచ్చేటియా?"

"యాడొస్తయి? ఎంత ఇడిసినా నడుమనే ఖతం. పైపు ఏసుకున్నంకనే గద మనకొచ్చింది."

"మూడు కొమ్ములది తూము ఎత్తుడు. నడుమ బస్తాలున్నయి, అవే తాగుతయి. నాకు పైపు కావాలె. మోడెం ఇక్కడనే ఉండనీ. దాన్నుంచి వసారా పొంటి వైరు తీసి, చిన్న రౌటరు నా గదిల పెట్టాలె."

నాయిన భుజం మీది తువ్వాల దులిపి, "రేపు సూర్యాపేట పోదాం" అన్నాడు. అప్పుడు చూశాను, గోడ వైపు కుర్చీల్లో ఇంకో ముగ్గురు కూర్చుని నా వంకే చూస్తున్నారు. ఎలా వచ్చానో అంత వేగంగా లోపలికి పారిపోయాను.

ఆ సాయంత్రం అమ్మ పాత చీర ఒకటి తీసుకుని, వసారా పొడవునా పరుస్తూ దూరం కొలిచాను. మూడున్నర చీరలు. వైరు గోడ ఎక్కి దిగడానికి ఇంకొకటి. షాపులో ఏం అడగాలో చీటీ మీద రాసుకున్నాను.

శనివారం షాపులో చీటీ తీసి మొదటి వాక్యం చదివాను. మామ దోస్తు నమ్మలేనట్టు చూశాడు.

"అందరు చిన్నది వాపసిచ్చి పెద్దది తీస్కపోతరు. మీరేంది మేడం, ఉల్టా?"

అయినా లోపలి నుంచి ఒక చిన్న పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. మామ అప్పటికే "సరే, కట్టు" అంటున్నాడు. నేను పెట్టె వెనక్కి తిప్పాను. అక్కడ రంధ్రాల బొమ్మలు ఉంటాయని ఆ చిన్న పుస్తకంలో చదివాను.

"ఇది కాదండీ. ఇది ఫోను వైరు పెట్టేది."

"రెండు ఒకటే మేడం."

"ఒకటి కాదు. ఇదిగో, ఈ సన్న రంధ్రం ఫోను లైనుకు. ఫోను లైను మా హాల్లోనే ఆగిపోతుంది. నాకు మోడెం నుంచి వచ్చే వైరు పెట్టుకునేది కావాలి. ఈ రంధ్రం వెడల్పుగా ఉంటుంది."

ఇదంతా చీటీలో లేదు. మామ దోస్తు పెట్టెను దగ్గరగా పట్టుకుని చూశాడు. నిచ్చెన వేసుకుని పై అర నుంచి ఇంకో పెట్టె దించాడు. తెల్లటి రౌటరు, అరచేయంత, ఒకే కొమ్ము.

"ఒక్కటేనా?" అన్నాడు మామ దిగులుగా.

"బర్రెను కొమ్ములు సూసి కొంటమా బామ్మర్దీ, పాలు సూసి కొంటం" అన్నాడు నాయిన. ఆ మాటతో నా ఎంపిక ఖాయమైపోయింది.

"వైరు ఎంత కావాలె?"

"పాతిక మీటర్లు" అన్నాను. చీరల సంగతి చెప్పలేదు.

ఆదివారం నాయినే నిచ్చెన ఎక్కాడు. బోరు మోటరుకు వైర్లు లాగిన చేతులు ఆయనవి. నేను కింద నుంచి వైరు అందిస్తుంటే, వసారా దూలం పొంటి మేకులు కొట్టుకుంటూ వచ్చి, నా గది వెంటిలేటరులోంచి లోపలికి దించాడు. మోడెం పాత చోటికి చేరింది. వైరు కొస రౌటరులో పెట్టాను, టక్ మంది. పచ్చ దీపాలు ఒక్కొక్కటీ వెలిగాయి. ఐదు గీతలు. ల్యాప్‌టాప్ ఎత్తి పట్టుకోకుండానే ఐదు. మడికి పారిన నీళ్లను చూసినట్టు నాయిన ఆ దీపాల వంక చాలాసేపు చూశాడు.

సోమవారం పదకొండుకు నా గది తలుపు వేసుకున్నాను. తెర మీద కళ్లద్దాలు పెట్టుకున్న ఒకావిడ. నేను పోస్టు చేసిన కాగితాలు ఆవిడ చేతిలోనే ఉన్నాయి. ఒక పేజీ పంపి, చదువుతూ తప్పులు చెప్పమన్నారు. మొదటి రెండు వాక్యాలు రెండేసి సార్లు చదివాను. మూడో వాక్యంలో తప్పు దొరికింది. ఆ తర్వాత నేను ఎక్కడున్నానో మరిచిపోయాను. మధ్యలో ఒక్కసారి, వసారా మీదుగా నాయిన గొంతు వినిపించింది.

"జర మెల్లగ మాట్లాడుండ్రి. మా బిడ్డ ఆఫీసుల ఉన్నది."

తెర మీది ఆవిడ కూడా విన్నట్టున్నారు, నవ్వారు. బొమ్మ ఒక్కసారి కూడా ఆగలేదు. "రేపటి నుంచి పేజీలు పంపుతాం" అన్నారు. తలుపు తీసి అమ్మకు చెప్పడానికి వంటింటికి పోబోయి, ఆగి, ముందు హాల్లోకే పోయాను. అందరూ ఉన్నారు. అందరి ముందే చెప్పాను.

కొన్నాళ్లకు రేటు వచ్చింది. లారీ వచ్చి వడ్లన్నీ పోయాయి. ఆ రోజు పరీక్షగా చూస్తే, హాల్లోని మోడెం నుంచి నా గదికి మళ్లీ మూడు గీతలు వచ్చాయి. డైరీలో గర్వంగా రాసుకున్నాను. ఇక ఆ వైరు తీసేద్దామా అని అమ్మ అడిగితే నాయిన ఒప్పుకోలేదు. "ఎండాకాలం యాసంగి వడ్లు రావా?" అన్నాడు. ఇంటికి ఎవరొచ్చినా వసారా దూలం కేసి చూపించి, మా బిడ్డ తవ్విన కాలువ అనేవాడు.

ఆ ఎండాకాలమే సూర్యాపేట నుంచి ఫోను వచ్చింది. మామ అమ్మతో మాట్లాడకుండా నన్ను పిలవమన్నాడు.

"పిల్లా, మా మేడ మీద సిగ్నలు వస్తలేదు. నాలుగు కొమ్ములది వచ్చిందట. తీసుకోమంటవా?"

"ముందు నడుమ ఏమున్నయో చెప్పు మామా" అన్నాను. "ఆ తర్వాత అత్త చీర ఒకటి తీసుకోని దూరం కొలువు."